ఎడారిలో ఫ్రిజ్ లేకుండా చల్లటి నీళ్లు

రిటైరయ్యాక నేనూ మా ఆవిడా మంచం, పొయ్యి అమర్చుకున్న వ్యాన్‌లో గుంటూరు నుంచి జైసల్మేర్ దాకా వెళ్లాం. పొద్దువాలే వేళ సామ్ దగ్గర ఇసుక తిన్నెలు చూడటానికి రెండు కళ్లూ చాలవు. ఇబ్బందల్లా తాగే నీళ్లతోనే. పదకొండు గంటలయ్యేసరికి కాచినట్టుంటాయి. చిన్న ఫ్రిజ్ వేస్తే సాయంత్రానికి బ్యాటరీ దిగిపోతుంది.

2 లీటర్ల స్టీలు క్యాన్ నింపి మూత గట్టిగా బిగించండి. పాత నూలు పంచె ముక్క తడిపి, రెండు వరసలు చుట్టి పురికొసతో కట్టండి. వ్యాన్‌కి నీడ పడే వైపు, గాలి బాగా తగిలేచోట వేలాడదీయండి. అరగంటకోసారి అర గ్లాసు నీళ్లు గుడ్డ మీద పోస్తుంటే గంటన్నర, రెండు గంటల్లో కుండనీళ్లలా చల్లబడతాయి.

గోనెపట్టా అయినా పర్లేదు గానీ, మన గుంటూరు మిర్చి యార్డులో టిక్కీ అంటామే, ఆ మిర్చి నింపిన గోనెసంచిది మాత్రం వద్దు. ఎంత ఉతికినా ఘాటు వదలదు. మా ఆవిడ చేతులు రాత్రంతా మండాయి పాపం.

థార్‌లో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. గుడ్డ తడపడానికి అవే వాడి, మంచినీళ్లు దాచుకోండి. గుడ్డకి తెల్లగా ఉప్పు పేరుకుంటే ఉతికేయాలి, లేకపోతే తడి సరిగా పట్టదు.

గాలి పొడిగా ఉంటేనే ఇది పని చేస్తుంది. ఇంటికొచ్చాక వానాకాలం ఉక్కపోతలో కట్టి చూశాం. సాయంత్రానికీ గుడ్డ ఆరలేదు, నీళ్లూ చల్లబడలేదు.