కిబానాలో లాగ్ కనిపించడం లేదా? వరుస కుదరడం లేదా?

కిబానా అంటే సర్వర్లు రాసే లాగులను (పని చిట్టాలను) వెతికి చూపే టూల్. డిస్కవర్ అందులో లాగులు చూసే పేజీ.

సర్వర్‌లో లాగ్ పడుతోంది, డిస్కవర్ మాత్రం ఖాళీ

ముందు పైన కుడివైపు టైమ్ పికర్ చూడండి. మామూలుగా అది గత 15 నిమిషాల మీదే ఉంటుంది. తర్వాత, నిన్నటి ఇన్సిడెంట్ కోసం పిన్ చేసిన ఫిల్టర్ ఏదైనా ఇంకా అలాగే ఉందేమో చూసి తీసేయండి.

రెండూ సరిగానే ఉంటే టైమ్ రేంజ్‌ను ఇప్పటి నుంచి ముందుకు ఆరు గంటలు జరపండి. మాయమైన లాగులన్నీ సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు ముందుకు జరిగిన టైముతో అక్కడ దొరికితే దొంగ దొరికినట్టే. అప్లికేషన్ 14:10 అని మన టైమే రాసింది, కానీ జోన్ రాయలేదు. లాగులను లోపలికి ఎక్కించే ఇన్‌జెస్ట్ పైప్‌లైన్ దాన్ని యూటీసీ (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం) అనుకుంది. బ్రౌజర్ ఐదున్నర గంటలు కలిపి 19:40 అని చూపిస్తోంది. అంటే మధ్యాహ్నం పడిన ఎర్రర్ గత 15 నిమిషాల్లోకి రావాలంటే రాత్రి కావాలి!

ఆ పైప్‌లైన్‌లో టైము చదివే డేట్ ప్రాసెసర్‌లో టైమ్‌జోన్‌ను ఏషియా/కోల్‌కతా అని ఇవ్వండి. అప్లికేషన్ మీ చేతిలో ఉంటే టైము పక్కనే +05:30 రాయించడం ఇంకా మేలు. చాలామంది కిబానా సెట్టింగుల్లో డిస్‌ప్లే జోన్‌ను యూటీసీకి మార్చేసి ఊరుకుంటారు. అప్పుడు తెరమీద 14:10 అనే పడుతుంది గానీ ఎంట్రీ ఇంకా భవిష్యత్తులోనే ఉంటుంది. పైగా సరిగా ఉన్న మిగతా సర్వీసుల టైములు కూడా తికమకపెడతాయి. పాత ఎంట్రీలు వాటంతటవే సర్దుకోవు, రీఇండెక్స్ చేయాల్సిందే, అంటే కొత్త ఇండెక్స్‌లోకి (లాగులు దాచే పెట్టెలోకి) మళ్లీ ఎక్కించాల్సిందే.

1000, 150, 20, 3 అని సార్ట్ అవుతోంది

అంకెలు స్ట్రింగ్‌గా ఎక్కాయి, అందుకే మొదటి అక్షరం చూసి పేరుస్తోంది. గ్రోక్ (లాగ్ లైనులోంచి ముక్కలు విడదీసే సాధనం) ఏది పట్టినా, మీరు చెప్పకపోతే స్ట్రింగ్‌గానే ఇస్తుంది. ప్యాటర్న్‌లో ఫీల్డ్ పేరు తర్వాత కోలన్ పెట్టి ఇంట్ (పూర్ణాంకం) అని చేర్చండి. ఉన్న ఇండెక్స్‌లో ఫీల్డ్ రకం మారదు, మార్పు కొత్త ఇండెక్స్ నుంచే. పాతదాన్ని రీఇండెక్స్ చేసేదాకా డేటా వ్యూలో (ఏ ఇండెక్స్‌లు చూడాలో చెప్పే కిబానా అమరికలో) ఆ ఫీల్డ్ పక్కన కాన్‌ఫ్లిక్ట్ అని కనిపిస్తుంది.

సివియారిటీదీ (తీవ్రతదీ) ఇదే జబ్బు: క్రిటికల్, హై, లో, మీడియం అని ఇంగ్లీషు అక్షరక్రమంలో వస్తాయి. 1 నుంచి 4 దాకా అంకె ఇచ్చే ఇంకో ఫీల్డ్ పెట్టి దానిమీద సార్ట్ చేయండి.

కాలమ్‌కు సార్ట్ ఆప్షనే రావడం లేదు

అది టెక్స్ట్ ఫీల్డ్, అంటే వెతకడానికి పదాలుగా విడగొట్టినది. పేరు చివర డాట్ కీవర్డ్ ఉన్న దాన్ని (విలువను విడగొట్టకుండా దాచేదాన్ని) ఎంచుకోండి. టెక్స్ట్ మీదే సార్ట్ చేయనిచ్చే ఫీల్డ్‌డేటా ఆన్ చేయమని సలహా దొరుకుతుంది, కానీ అది సర్వర్ వాడుకునే హీప్ మెమరీని మింగేస్తుంది, వద్దు. డీఫాల్ట్ మ్యాపింగ్‌లో (ఫీల్డ్ రకాలు నిర్ణయించే అమరికలో) 256 అక్షరాలు దాటిన విలువ కీవర్డ్‌లోకి ఎక్కదు. పొడుగాటి ఎర్రర్ మెసేజ్‌లు ఫిల్టర్‌కు చిక్కకపోవడానికి అదే కారణం. కీవర్డ్‌లో పెద్ద, చిన్న అక్షరాల తేడా కూడా లెక్కే.

పేమెంట్ సర్వీస్ అడిగితే అన్ని సర్వీసుల ఎర్రర్లూ వస్తున్నాయి

కేక్యూఎల్‌లో (కిబానాలో వెతికే భాషలో) ఆర్ కంటే అండ్ ముందు పనిచేస్తుంది. ఎర్రర్ ఆర్ ఫేటల్ అండ్ పేమెంట్ అని రాస్తే సర్వీస్ పేరు ఫేటల్‌కే వర్తిస్తుంది. ఆర్‌తో కలిపిన ఎర్రర్, ఫేటల్ రెండింటినీ బ్రాకెట్లలో పెట్టి, ఆ తర్వాత అండ్‌తో సర్వీస్ పేరు ఇవ్వండి.

ఒకే మిల్లీసెకండ్ లాగులు ముందువెనుకలు అవుతున్నాయి

ఫైల్‌బీట్ (ఫైళ్ల నుంచి లాగులు పంపే ప్రోగ్రామ్) వాడుతుంటే టైము తర్వాత రెండో సార్ట్‌గా లాగ్ ఆఫ్‌సెట్ (ఫైలులో ఆ లైను ఉన్న చోటు) ఇవ్వండి. ఒకే ఫైలు లోపలే ఇది నమ్మదగింది. వేర్వేరు సర్వర్ల లాగులైతే ముందు క్రోనీతో (గడియారాలు సరిచేసే ప్రోగ్రామ్‌తో) గడియారాలు కలిశాయో లేదో చూడండి.