పాత బండి ఇంజిన్ పట్టేసిందా? రీబోర్‌కు ముందు, తర్వాత చేయాల్సిన పనులు

పాత బుల్లెట్, యెజ్డీ, ఆర్ఎక్స్ 100 ఏదైనా సరే, కాస్త పొగ రాగానే వినిపించే మొదటి సలహా ‘బోరు కొట్టించెయ్’. అంటే పిస్టన్ కదిలే సిలిండర్ రంధ్రాన్ని (బోరును) కోయించి కాస్త పెద్దది చేసి, దానికి సరిపడే పెద్ద పిస్టన్ వేయించమని. దీన్నే రీబోర్ అంటారు. తొందర పడకండి. కొత్త పిస్టన్లు మామూలుగా 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. పెద్ద సైజుల్లో దొరుకుతాయి. అవి అయిపోతే బ్లాకుకు (సిలిండర్ ఉండే భాగానికి) కొత్త స్లీవ్, అంటే లోపలి గొట్టం, వేయించాల్సిందే. పాత పిస్టన్‌ను ఏది తినేసిందో తేల్చకుండా రీబోర్ చేయిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది.

విప్పకముందు

బుల్లెట్‌లో యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు నీలి పొగ వస్తే పిస్టన్ చుట్టూ ఉండే రింగులను అనుమానించండి. యాక్సిలరేటర్ వదిలేసి కాసేపయ్యాక మళ్లీ ఇచ్చినప్పుడు గుప్పుమంటే వాల్వ్ గైడ్ల తప్పు కావచ్చు. ఆర్ఎక్స్ 100, పాత యెజ్డీ వంటి టూ-స్ట్రోక్ బండ్లకు కొంత పొగ సహజమే. కానీ తెల్లటి పొగ తగ్గకుండా వస్తూ, గేర్‌బాక్సులో ఆయిల్ కూడా తరుగుతుంటే క్రాంకు ఆయిల్ సీల్ పోయినట్టు. పిస్టన్ జోలికి వెళ్లనక్కర్లేదు.

తర్వాత కంప్రెషన్ చూడండి. ప్లగ్గు తీసి గేజి పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్కులు కొట్టండి. ఆ అంకె రాసుకుని, ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె బాగా పెరిగితే రింగులో బోరో అరిగాయి. పెరగకపోతే వాల్వులు, హెడ్ గాస్కెట్ చూడాలి. పాత బుల్లెట్‌లో డీకంప్రెసర్ (కిక్కు తేలిక కావడానికి కంప్రెషన్‌ను వదిలే మీట) కేబుల్ మరీ బిగుతుగా ఉన్నా కంప్రెషన్ కారిపోతుంది. దాన్ని సరిచేయడానికి పైసా ఖర్చు లేదు, ముందు అదే చూడండి.

మైపాడు, కొత్తపట్నం వంటి తీర గ్రామాల్లో ఏళ్ల తరబడి ఆగిపోయిన బండ్లలో ఉప్పు గాలికి రింగులు బోరుకు తుప్పుతో అతుక్కుంటాయి. వాటిని కిక్కుతో విడిపించాలని చూడకండి. ప్లగ్గు రంధ్రంలో డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపి పోసి కొన్ని రోజులు నాననివ్వండి. ఆ తర్వాత టాప్ గేర్‌లో వేసి వెనుక చక్రాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ ఆడించండి.

పిస్టన్ ఏం చెబుతోంది?

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే హెడ్ నట్లను ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేయండి. బ్లాకు లేపగానే క్రాంకుకేసు (బ్లాకు కింది ఇంజిన్ పెట్టె) నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. పిస్టన్ పిన్ను జారకుండా పట్టి ఉంచే సర్‌క్లిప్ లోపల పడిందంటే ఇంజిన్ మొత్తం విప్పడమే. పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే ఆ పిన్నును సుత్తితో కొట్టకూడదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వేడి నీళ్లలో ముంచిన గుడ్డ పిస్టన్‌కు చుడితే చాలావరకు పిన్ను సులువుగా వస్తుంది.

ఇప్పుడు పిస్టన్‌ను వెలుతురులో తిప్పి చూడండి. ఈ పరిశీలనకు అరగంట పట్టినా నష్టం లేదు.

కార్బురేటర్ వైపు సన్నని నిలువు గీతలు ఉంటే దుమ్ము లోపలికి పోతోంది. చీమకుర్తి క్వారీల దారిలో తిరిగే బండ్లకు ఈ బెడద ఎక్కువ. ఫిల్టర్ కొత్తదే అయినా దాని రబ్బరు పైపు పగిలి ఉంటే రాతి పొడి నేరుగా బోరులోకి చేరుతుంది.

సైలెన్సర్ వైపు అల్యూమినియం కరిగి పూసినట్టు ఉంటే వేడి ఎక్కువైంది. పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ అందడం దీనికి ముఖ్య కారణం. మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్‌ను కొలిచి వదిలే రంధ్రం), కార్బురేటర్ జాయింటు పరీక్షించండి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా జాయింటు చుట్టూ ఆయిల్ పూస్తే శబ్దం మారిందా, అక్కడ గాలి పీలుస్తోంది. నేటి పెట్రోల్‌లో కలుస్తున్న ఇథనాల్ కూడా మిశ్రమాన్ని కొంత పలచన చేస్తుంది, పాత రబ్బరును దెబ్బతీస్తుంది.

నాలుగు మూలలా గీరుకుపోయి ఉంటే పిస్టన్ వ్యాకోచానికి చోటు చాలలేదు, లేదా చల్లటి ఇంజిన్‌ను వెంటనే ఉరికించారు. పైభాగానికి చిల్లు పడితే ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు మంట వేసే సమయం), ప్లగ్గు రకం తేడా ఉన్నాయేమో చూడండి.

కొలత, లేత్ పని

బోరును పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా రెండు దిక్కుల్లో బోర్ గేజితో కొలవాలి. పిస్టన్‌ను పిన్నుకు అడ్డంగా, స్కర్ట్ (రింగుల కింది పక్క గోడ) కింది భాగంలో కొలవాలి. రింగును బోరులోకి నిటారుగా నెట్టి ఫీలర్ గేజితో రింగు కొసల మధ్య గ్యాప్ చూడండి. తయారీదారు లెక్క దొరక్కపోతే 25 మి.మీ. బోరుకు 0.1 మి.మీ. అన్నది పనికొచ్చే లెక్క: 70 మి.మీ. బోరున్న బుల్లెట్ 350కి సుమారు 0.28, 50 మి.మీ. ఆర్ఎక్స్ 100కి 0.20. బోరు గుండ్రంగానే ఉండి, లోతైన గీతలు లేకుండా, గ్యాప్ మాత్రమే పెరిగితే హోనింగ్ (బోరు గోడను రాయితో సన్నగా రుద్దడం) చేయించి కొత్త రింగులు వేస్తే సరిపోవచ్చు.

రీబోర్ తప్పదంటే ముందు పిస్టన్ కొని, ఒంగోలైనా నెల్లూరైనా లేత్ షాపుకు దాన్ని వెంట తీసుకెళ్లండి. ‘0.50 కొట్టండి’ అని బ్లాకు వదిలేసి రావద్దు. చేతిలో ఉన్న పిస్టన్ అసలు కొలతకు, పిస్టన్‌కూ బోరుకూ మధ్య తయారీదారు చెప్పిన సందు కలిపి బోరు చేయించాలి. మన ఎండలకు కాస్త ఎక్కువ సందు వదలమని సలహా ఇస్తారు, నేనైతే ఒప్పుకోను. పిస్టన్ టకటకా కొట్టుకుని రింగులు తొందరగా పోతాయి. టూ-స్ట్రోక్ అయితే పోర్టుల (బోరు గోడలోని రంధ్రాల) పదునైన అంచులను నున్నగా రుద్దించారో లేదో వేలితో తడిమి చూడండి. లేకపోతే రింగు అక్కడ తగులుకుని విరుగుతుంది.

బిగింపు

బ్లాకును వేడి సబ్బు నీళ్లతో, తెల్లగుడ్డకు మరక అంటనంత వరకు కడగాలి. పెట్రోల్‌తో తుడిస్తే హోనింగ్ పొడి పూర్తిగా పోదు. ఆరగానే ఆయిల్ పూయండి. తీరప్రాంతంలో ఆలస్యం చేస్తే తుప్పు పట్టేస్తుంది. పిస్టన్ మీది బాణం గుర్తు సాధారణంగా సైలెన్సర్ వైపు ఉండాలి. టూ-స్ట్రోక్ రింగుల కొసలు గాడిలోని పిన్నుల దగ్గరే కలవాలి, బుల్లెట్‌లో రింగు గ్యాపులు ఒకే వరసలోకి రాకూడదు. సర్‌క్లిప్పులు, గాస్కెట్ కొత్తవే వాడండి.

మొదటి 500 కిలోమీటర్లు వేగం మారుస్తూ నడపండి. రోహిణి కార్తె మధ్యాహ్నం హైవే ఎక్కి కావలి దాకా ఒకే వేగంతో లాగించవద్దు. పెట్రోల్‌లో ఆయిల్ కలిపే బండికి మొదట్లో కొంచెం ఎక్కువ కలపవచ్చు. మరీ ఎక్కువైతే పెట్రోల్ వాటా తగ్గి ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది. తొలి ప్రయాణం తర్వాత ఇంజిన్ చల్లారాక హెడ్ నట్లను మరోసారి బిగించి, ప్లగ్గు తీసి చూడండి. తెల్లగా ఉంటే పెట్రోల్ తక్కువ అందుతున్నట్టు, జెట్ సరిచేసేదాకా బండి బయటికి తీయవద్దు.