బెంగళూరు వచ్చిన తమ్ముళ్లకు: రెజ్యూమేలో ఆ అపాస్ట్రఫీ తీసేయండి

గది, అడ్వాన్సు, మెట్రో కార్డు, నాలుగు కన్నడ మాటలు... ఇవన్నీ మారతహళ్లిలో దిగిన వారంలో మీకే తెలుస్తాయి. ఎవరూ చెప్పనిది ఒకటుంది, అది చెబుతాను.

మొన్న కడప వైపు కుర్రవాడొకడు రెజ్యూమే చూడమని ఇచ్చాడు. చదువు బాగుంది, చేసిన పనీ బాగుంది. కానీ ఏపీఐ, యూఆర్ఎల్, పీడీఎఫ్ ఏది బహువచనమైనా ఎస్ ముందు ఒక అపాస్ట్రఫీ, అదే పైన వేలాడే కామా లాంటి గుర్తు! ఎక్కడ నేర్చుకున్నావయ్యా అంటే, "బోర్డులన్నీ అలాగే ఉన్నాయి కదన్నా" అన్నాడు. నిజమే, పీజీల (పేయింగ్ గెస్ట్ హాస్టళ్ల) బోర్డుల మీద ఆ గుర్తు కనబడుతూనే ఉంటుంది. బోర్డు చూసి గది వెతుక్కోండి, ఇంగ్లీషు నేర్చుకోకండి.

నేను వచ్చిన కొత్తలో పని దొరక్క నెలలు గడిచాయి. ఊళ్లో తెలిసినవాళ్లు లేరు. మనిషిని చూడకముందే మన కాగితాన్ని చూస్తారని అప్పుడు తెలిసింది. అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

ఏపీఐ లాంటి పెద్దబడి (క్యాపిటల్) అక్షరాల పొట్టి పేర్లకు చిన్నబడి ఎస్ ఆనించి రాయాలి, అంతే. తెలుగులో పీజీలు అని రాసేటప్పుడు "లు" ముందు ఏమైనా పెడుతున్నామా? 1990ల వంటి దశాబ్దాలకూ ఇదే పద్ధతి. ఫలానాదానిది అని చెప్పాలంటేనే అపాస్ట్రఫీ: ఒక పీజీ యజమాని అయితే ఎస్‌కు ముందు, పలు పీజీల యజమానులైతే ఎస్ తర్వాత. విడిగా వచ్చే చిన్నబడి అక్షరాలు మాత్రం వేరు. ఐ, ఏ, యూ పక్కన ఉత్త ఎస్ పెడితే ఇజ్, యాజ్, అస్ అనే మాటలైపోతాయి కాబట్టి అక్కడ అపాస్ట్రఫీ ఉండాలి.

తప్పుంటే కంప్యూటర్ గీత గీస్తుందిలే అని ఊరుకోకండి. "ఏపీఐ యొక్క" అనే అర్థంలో ఆ రూపం సరైనదే, అందుకని చాలాసార్లు గీత పడదు. వెతికే పెట్టెలో అపాస్ట్రఫీ కొట్టి, దొరికిన ప్రతిచోటా ఆగి చూడండి. పది నిమిషాల పని, బద్ధకించకండి.

సరే, ఇదీ చెప్పాలి. న్యూయార్క్ టైమ్స్ పత్రికే ఇలాంటి బహువచనాలకు ఏళ్లపాటు అపాస్ట్రఫీ పెట్టి, తర్వాత మానేసింది. బ్రిటన్‌లో కూరగాయల కొట్ల బోర్డుల మీద ఈ తప్పు ఎంత మామూలంటే, దానికి ఆ కొట్లవాళ్ల పేరే పెట్టారు. ఒక్క గుర్తు వల్ల ఉద్యోగం పోదు. ఇప్పటికే పంపేసిన రెజ్యూమేను దిద్ది మళ్లీ పంపకండి, రేపు పంపేదాన్ని సరిచూసుకోండి.