స్మార్ట్ ప్లగ్ చూపించే వాట్లను సరిచేయడం ఎలా? బకెట్ నీళ్లు, హీటర్ రాడ్, ఇంటి మీటరు చాలు

టాస్మోటా అనే ఉచిత ఫర్మ్‌వేర్ (ప్లగ్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఎక్కించిన స్మార్ట్ ప్లగ్ మొదటి రోజు చూపించే వాట్లను నమ్మి లెక్కలు వేయకండి. ఫర్మ్‌వేర్‌లో ముందే ఉండే అంకె ఆ రకం చిప్‌కు ఉజ్జాయింపుగా సరిపోయేది మాత్రమే. మీ చేతిలో ఉన్న ప్లగ్‌లోని రెసిస్టర్లు ఎంత తేడాతో తయారయ్యాయో దానికి తెలీదు. గీజర్ పెట్టి చూస్తే పవర్ ఫ్యాక్టర్ (వాట్లను వోల్టులు, ఆంపియర్ల లబ్ధంతో భాగిస్తే వచ్చేది) 0.91 అని వస్తుంది. గీజర్‌కు అది 1 ఉండాలి. అంటే లెక్క తప్పుతోందని ప్లగ్గే చెబుతోంది. అయినా అవే అంకెలతో గ్రాఫులు గీసుకుని, కరెంటు సంస్థ బెస్కామ్ బిల్లు తప్పుగా వచ్చిందని వాదించేవాళ్లను బెంగళూరులో చాలామందినే చూశాను.

సరిచేయడానికి అందరూ చెప్పే పద్ధతి 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టి, పవర్‌సెట్ 60 అని (ఇంగ్లిష్‌లో PowerSet 60, ప్లగ్‌కు ఇచ్చే కమాండ్) కొట్టేయడం. ఇది చేయకండి. బల్బు మీద రాసిన 60 వాట్లు దాని మీదే రాసిన వోల్టేజీ వచ్చినప్పటి మాట. సాయంత్రం ఏడింటికి వీధిలో ఏసీలన్నీ ఆన్ అయ్యాక మీ ఇంట్లో ఆ వోల్టేజీ ఉంటుందా? పైగా 60 వాట్ల దగ్గర ఒక్క వాటు తేడా వస్తే ఒకటిన్నర శాతం దాటుతుంది. 1000 వాట్ల దగ్గర అదే ఒక్క వాటు 0.1 శాతం. కాలిబ్రేషన్ (ఇలా సరిచేయడం) ఎప్పుడూ పెద్ద లోడ్‌తోనే చేయాలి. ఆన్‌లైన్‌లో దొరికే చౌక వాట్ మీటర్లు కూడా వద్దు. వాటిలోనూ చాలావరకు ఇలాంటి చిప్పే ఉంటుంది, దాన్ని ఎవరు సరిచూశారో మనకు తెలీదు.

మీ ఇంటి కరెంటు మీటరును మించిన కొలబద్ద ఇంకోటి అక్కర్లేదు. ఇళ్లకు పెట్టే మీటర్లు సాధారణంగా క్లాస్ 1.0 రకం. దాని ముఖం మీదే ఆ ముద్ర ఉంటుంది. అంటే మామూలు లోడ్ మీద తేడా ఒక శాతం లోపే. బిల్లు కట్టేదీ దాని లెక్క ప్రకారమే కాబట్టి మన ప్లగ్ దానితో కలవాలి.

కావలసినవి: ఐఎస్ఐ మార్కు ఉన్న 1000 వాట్ల హీటర్ రాడ్, ప్లాస్టిక్ బకెట్, ట్రూ ఆర్‌ఎంఎస్ మల్టీమీటర్ (బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్‌లో ఏ కొట్లో అడిగినా ఇస్తారు), మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు, రెండు ఫోన్లు, తోడుగా ఒక మనిషి. ప్లగ్ 10 ఆంపియర్లు లేదా 16 ఆంపియర్లది అయ్యుండాలి. రాడ్ ఎందుకంటే అందులో ఉన్నది ఉత్త హీటింగ్ కాయిల్. ఇస్త్రీపెట్టెలో థర్మోస్టాట్ ఉంటుంది, కొలుస్తుండగానే కట్ అవుతుంది. ఫ్యాన్, మిక్సీ, ఎల్ఈడీ లైటు ఈ పనికి పనికిరావు, వాటి పవర్ ఫ్యాక్టర్ 1 కాదు.

పని మొదలుపెట్టే ముందు రెండు జాగ్రత్తలు. ప్లగ్ గోడకు పెట్టి ఉన్నప్పుడు దాని లోపలి పిన్నులకు యూఎస్‌బీ సీరియల్ వైరు తగిలించకండి. ఈ ప్లగ్గుల్లో లోపలి గ్రౌండ్ నేరుగా మెయిన్స్‌కు కలిసి ఉంటుంది. లాప్‌టాప్ పోవడమే కాదు, మనిషికే ప్రమాదం. కాలిబ్రేషన్ అంతా మూత బిగించి, వైఫై మీదే చేయాలి. రెండోది, రాడ్‌ను నీళ్లలో ముంచాకే స్విచ్ వేయండి, స్విచ్ ఆపి పిన్ను పీకాకే నీళ్లు ముట్టుకోండి. పిల్లలను ఆ గదిలోకి రానివ్వకండి.

మొదట సులువైన పని. ఎక్స్‌టెన్షన్ బోర్డులో స్మార్ట్ ప్లగ్, దానికి రాడ్. స్విచ్ వేసి పది నిమిషాలు వదిలేయండి, ప్లగ్ లోపల వేడి కుదురుకుంటుంది. 15 లీటర్ల బకెట్ నిమిషానికి దాదాపు ఒక డిగ్రీ వేడెక్కుతుంది కాబట్టి తొందరేమీ లేదు. ఈలోగా ఫోన్‌లో ప్లగ్ పేజీ తెరిచి, కమాండ్లు టైప్ చేసే కన్సోల్‌లోకి వెళ్లండి. కమాండ్లను ఇంగ్లిష్ అక్షరాల్లో, పేరు మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేయాలి. పవర్‌కాల్, వోల్టేజ్‌కాల్, కరెంట్‌కాల్ (PowerCal, VoltageCal, CurrentCal) అని ఒక్కొక్కటి ఉత్తగా కొడితే పాత విలువలు వస్తాయి, కాగితం మీద రాసుకోండి. వోల్ట్‌రెస్ 1, వాట్‌రెస్ 1 (VoltRes 1, WattRes 1) అని కొడితే దశాంశాలు కూడా కనిపిస్తాయి.

ఇప్పుడు వాట్లు. అందరూ చెడగొట్టేది ఇక్కడే.

మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది. పక్కనే 3200 ఇంప్/కేడబ్ల్యూహెచ్ అనో, మరో అంకెతోనో రాసి ఉంటుంది. ఒక యూనిట్ కరెంటుకు అది అన్నిసార్లు మెరుస్తుందని అర్థం. మీ మీటరు మీద ఎంతుందో మీరే చూసుకోవాలి, పక్కింటివాళ్ల అంకె పనికిరాదు. ఒక యూనిట్‌లో ఉండే 36 లక్షల వాట్-సెకన్లను ఆ అంకెతో భాగిస్తే, ఒక్కో మెరుపుకు ఎన్ని వాట్-సెకన్లో వస్తుంది. 3200 అయితే 1125. దాన్ని మెరుపుల సంఖ్యతో గుణించి, పట్టిన సెకన్లతో భాగిస్తే వాట్లు.

లెక్కపెట్టేటప్పుడు మొదటి మెరుపును ఒకటి అనకండి, సున్నా అనండి. మనం కొలిచేది మెరుపుల మధ్య కాలాన్ని. ఒకటి నుంచి మొదలుపెడితే 60కి ఒకటి ఎక్కువ పడి ఒకటిన్నర శాతానికి పైగా తప్పొస్తుంది. ఇంత శ్రమపడి ఒక్క అంకె దగ్గర అంతా పోగొట్టుకోవడం న్యాయం కాదు.

ఆ సమయంలో ఇంట్లో రాడ్ తప్ప ఏదీ కరెంటు తీసుకోకూడదు. ఫ్రిజ్, గీజర్, ఫోన్ చార్జర్లు, వాటర్ ప్యూరిఫయర్ అన్నీ ఆపాలి. ఈ బోర్డు ఉన్న లైన్ తప్ప మిగతా ఎంసీబీలు దించేస్తే సరి. ఇన్వర్టర్ ఉంటే దాని చార్జింగ్ కూడా ఆపండి. రౌటర్ దగ్గర చాలామంది దొరికిపోతారు. అది ఆగితే ప్లగ్ పేజీ రాదు, నడిస్తే 10 వాట్ల దాకా మీటరులో కలుస్తుంది, అంటే ఒక శాతం. రౌటర్‌కు చిన్న యూపీఎస్ ఉంటే ఆ కాసేపు దాని వైరును గోడ నుంచి తీసి బ్యాటరీ మీద నడపండి. లేకపోతే ప్లగ్ తర్వాత ఇంకో చిన్న బోర్డు పెట్టి, రాడ్‌తో పాటు రౌటర్‌నూ దానికే ఇవ్వండి. అప్పుడు ప్లగ్, మీటరు రెండూ దాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. అపార్ట్‌మెంట్‌లో జనరేటర్ నడుస్తున్నప్పుడు మాత్రం ఈ పని పెట్టుకోకండి.

మీటర్లు బేస్‌మెంట్‌లో ఉంటే వీడియో కాల్‌ను నమ్ముకోవద్దు, అక్కడ సిగ్నల్ ఉండదు. కిందికి వెళ్లినవాళ్లు ఎర్ర లైటును రెండు నిమిషాలు వీడియో తీయాలి. అదే రెండు నిమిషాలు పైన ఉన్నవాళ్లు ప్లగ్ పేజీని స్క్రీన్ రికార్డింగ్ పెట్టాలి. తర్వాత తీరిగ్గా రెండూ చూసి, ఒకే నిమిషానికి మీటరు వాట్లెంత, ప్లగ్ వాట్ల సగటెంత అని తీయండి.

మీటరు వాట్లు వచ్చాయి కదా అని వాటిని నేరుగా పవర్‌సెట్‌లో కొట్టేయకండి. మీరు పైకొచ్చి కన్సోల్ తెరిచేలోపు వోల్టేజీ మారిపోతుంది. వోల్టేజీ ఒక శాతం పెరిగితే రాడ్ వాట్లు రెండు శాతం పెరుగుతాయి. పవర్‌సెట్ మీరు కొట్టిన క్షణంలో చిప్ చూస్తున్న లోడ్‌నే మీ అంకెగా తీసుకుంటుంది. పది నిమిషాల కిందటి వాట్లను ఇప్పటి లోడ్‌కు అంటగడితే ప్లగ్ ఇంకోవైపు తప్పు చూపిస్తుంది. అందుకే వాట్లు కాదు, నిష్పత్తి పట్టుకోవాలి.

మీటరు 67 సెకన్లలో 60 మెరుపులు చూపిందనుకోండి. 1125ను 60తో గుణించి 67తో భాగిస్తే 1007.5 వాట్లు. అదే సమయంలో ప్లగ్ సగటు 948. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.0627. ఇక ఎప్పుడైనా సరే, ప్లగ్ పేజీలో ఆ క్షణాన కనిపించే వాట్లను 1.0627తో గుణించి, వచ్చింది వెంటనే కొట్టండి. ఇప్పుడు 955 కనిపిస్తుంటే పవర్‌సెట్ 1015. క్యాలిక్యులేటర్ పక్కన పెట్టుకోండి, అంకె కుదురుగా ఉన్నప్పుడే కొట్టండి.

వోల్టేజీకి ఇంత శ్రమ లేదు. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టేజీ మీద పెట్టి, అదే ఎక్స్‌టెన్షన్ బోర్డులో ప్లగ్ పక్క సాకెట్‌లో, రాడ్ నడుస్తుండగానే కొలవండి. వేరే గోడ సాకెట్‌లో కొలిస్తే బోర్డు వైరులో పోయే వోల్టేజీ లెక్కకు రాదు. 231.7 వస్తే వోల్టేజ్‌సెట్ 231.7.

ఆంపియర్లు కొలవడానికి వైరు కోయక్కర్లేదు. రాడ్ పవర్ ఫ్యాక్టర్ 1 కాబట్టి వాట్లను వోల్టులతో భాగిస్తే చాలు. 1015ను 231.7తో భాగిస్తే 4.381. అయితే కరెంట్‌సెట్‌కు మిల్లీఆంపియర్లలో ఇవ్వాలి, అంటే 4381. ఇక్కడ 4.381 కొట్టి, ప్లగ్ పాడైందని తిరిగి పంపేసేవాళ్లున్నారు. ఇప్పుడు పేజీలో పవర్ ఫ్యాక్టర్ 0.99, 1.00 దగ్గర నిలబడాలి. నిలబడకపోతే మూడింట్లో ఒకటి తప్పు కొట్టారు. ఇంకో రోజు మీటరు లైటును మళ్లీ లెక్కపెట్టి చూడండి. ఒక శాతం లోపు కలిస్తే ఇక వదిలేయండి.

బెంగళూరు మారతహళ్లి పీజీ హాస్టళ్లలో ఉండేవాళ్లకు విడి మీటరు ఉండదు కాబట్టి ఈ పని ఫ్లాట్‌లో ఉన్న స్నేహితుల ఇంట్లో చేసుకోండి. విలువలు ప్లగ్‌లోనే నిలిచి ఉంటాయి, గది మారినా పోవు. ఒక ప్లగ్ కుదిరాక మిగతావాటికి మీటరు దాకా వెళ్లక్కర్లేదు. కుదిరిన ప్లగ్‌కు కొత్త ప్లగ్, దానికి రాడ్ పెట్టి, మొదటిది చూపించే అంకెలనే రెండోదానికి ఇవ్వండి.

ఇంత చేసినా మూడు వాట్ల ఫోన్ చార్జర్‌ను ఈ ప్లగ్గులతో కొలవాలనుకోకండి. బీఎల్0937, హెచ్ఎల్‌డబ్ల్యూ8012 లాంటి చిప్‌లు వాట్లను పల్స్‌ల రూపంలో పంపుతాయి. లోడ్ తగ్గేకొద్దీ పల్స్‌లు దూరదూరంగా వస్తాయి, అంకె నిలకడగా ఉండదు.

కొత్త పవర్‌కాల్, వోల్టేజ్‌కాల్, కరెంట్‌కాల్ విలువలను పర్మనెంట్ మార్కర్‌తో ప్లగ్ వెనకే రాసిపెట్టండి. ఎవరైనా రీసెట్ 1 కొడితే అవి చెరిగిపోతాయి. వెనక రాసి ఉంటే ఆ మూడూ మళ్లీ టైప్ చేస్తే చాలు, బకెట్ నింపే పని లేదు.