పుస్తకం వెంట ప్రయాణం – 3వ పాఠం: పేర్ల పట్టీ నుంచి దారి దాకా

పోయిన పాఠంలో చెప్పిన పని పూర్తి చేసి ఉంటే మీ చేతిలో ఇప్పుడొక నోటుపుస్తకం ఉంటుంది. మీరు ఎంచుకున్న గ్రంథంలో కనబడిన ఊళ్ల పేర్లు, ఒక్కో పేరు పక్కన పద్యం సంఖ్యో పుట సంఖ్యో అందులో ఉంటాయి. పూర్తి కాకపోయినా ఇది చదవండి, తరువాత వెనక్కి వెళ్లి ఆ పని చేసుకోవచ్చు.

ఈసారి ఆ పట్టీని దారిగా మార్చుదాం. ఉదాహరణకు శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదను తీసుకుంటున్నాను. దానితో సంబంధమున్న ఊళ్లు కర్ణాటకలో ఉన్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి, తమిళనాడులోనూ ఉన్నాయి. పట్టీ చూడగానే అన్నిటినీ ఒక్క విడతలో చుట్టేయాలనిపిస్తుంది. ఆ ఉబలాటం చల్లారడానికే ఈ పాఠం.

ముందుగా ప్రతి ఊరికీ పుస్తకంతో ఏ వరసో తేల్చుకోండి. హంపి కవి ఇల్లు. కృష్ణా జిల్లా శ్రీకాకుళం ఈ కావ్యం రాయమని అడిగిన చోటు. తిరుమల కృతిపతి సన్నిధి, అంటే కావ్యాన్ని అంకితం పుచ్చుకున్న దేవుడి కొండ. శ్రీవిల్లిపుత్తూరు కథ పుట్టిల్లు. మధుర (నేటి మదురై), శ్రీరంగం కూడా కథలోవే: మొదటిది కథానాయిక గోదాదేవిని పెంచిన తండ్రి విష్ణుచిత్తుడు పాండ్యరాజు కొలువులో వాదం గెలిచిన నగరం, రెండోది గోదాదేవికి రంగనాథుడితో పెళ్లి జరిగిన క్షేత్రం. వరస తేలితే అక్కడ ఏం చూడాలో సగం తేలినట్టే. కవి ఇంట్లో కథను వెతికినా, కథ జరిగిన ఊళ్లో కవి ఆనవాళ్లు వెతికినా నిరాశే మిగులుతుంది. సాహిత్య యాత్రలు చప్పగా సాగడానికి చాలావరకు ఇదే కారణం.

ఎక్కడ మొదలుపెట్టాలి? అందరూ హంపి అంటారు. నేను శ్రీకాకుళం అంటాను. ఎందుకంటే ఈ యాత్రకు కవే దారి రాసిపెట్టాడు. అవతారికలోని, అంటే కావ్యం ముందుమాటలోని వచనం తెరిచి చూడండి. కళింగం మీదికి దండెత్తిపోతూ విజయవాడలో కొన్నాళ్లు ఆగాడు. అక్కడి నుంచి శ్రీకాకుళంలోని ఆంధ్ర మహావిష్ణువును సేవించబోయాడు. ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి నాలుగో జామున స్వామి కలలో కనబడి, తన కథను తెలుగులో చెప్పమన్నాడు. సభల్లో మనం తరచూ వినే ‘దేశభాషలందు తెలుగు లెస్స’ ఆ కలలో దేవుడు చెప్పిన మాటే. అది ఏ ఊరి కలో తెలిసినవాళ్లు మాత్రం తక్కువ.

నోటుపుస్తకంలో ఒక్కో ఊరికి ఒక్కో పుట కేటాయించండి. శ్రీకాకుళం పుట ఇలా ఉంటే చాలు:

‘వరస: కావ్యం అడిగిన చోటు. చదవవలసింది: అవతారికలో కల ఘట్టం, గుడి ఆవరణలో కూర్చుని, పైకి. చూడవలసింది: స్వామి, రాయల పేరు చెప్పుకునే మండపం. అడగవలసిన ప్రశ్న: దండయాత్రలో ఉన్న రాజు ఏటి ఒడ్డున ఉన్న ఈ ఊరికి ఎందుకు వచ్చాడు? వెంట తీసుకెళ్లవలసింది: ఆంధ్రనాయక శతకం.’

చివరి మాటకు కొంచెం వివరం కావాలి. కాసుల పురుషోత్తమ కవి ఆ శతకమంతా ఇదే స్వామిని ఉద్దేశించి చెప్పాడు. దెప్పినట్టే దెప్పుతూ పొగిడే నిందాస్తుతి. రాయల కలలో గంభీరంగా మాట్లాడిన దేవుణ్ణి తరువాతి కాలపు కవి ఒకడు ఎంత చనువుగా నిలదీశాడో అదే గుడిలో చదువుకోవచ్చు. ఇలా ఒకే చోటికి రెండు పుస్తకాలు దొరికితే వదలకండి.

ఇక దారి. ఫోనులో శ్రీకాకుళం అని మాత్రమే కొడితే అది మిమ్మల్ని ఉత్తరాంధ్రలోని జిల్లా కేంద్రానికి పంపుతుంది. ఘంటసాల మండలం అని చేర్చండి. విజయవాడ నుంచి సుమారు 60 కిలోమీటర్లు, అవనిగడ్డ వైపు వెళ్లే కృష్ణ కరకట్ట దారి. గుడి తెరిచే వేళకు చేరేలా తెల్లవారగానే బయలుదేరండి. మధ్యాహ్నం తలుపులు మూసే వేళల గురించి ముందే వాకబు చేసుకోండి. తిరుగు ప్రయాణం వేరే దారిన పెట్టుకోండి: చల్లపల్లి, మొవ్వ, కూచిపూడి, పామర్రు, ఉయ్యూరు. మొవ్వలో క్షేత్రయ్య పదాలు వినిపించుకున్న మువ్వగోపాలుడు ఉన్నాడు. కూచిపూడి సంగతి చెప్పనక్కరలేదు, సిద్ధేంద్రయోగి ఊరు. ఇవి ఆముక్తమాల్యదకు చెందినవి కావు కదా అనవచ్చు. నిజమే. కానీ దారిలో ఉన్నాయి, పూట మిగులుతుంది. పుస్తకం కోసం దారి మళ్లడం వేరు, దారిలో ఉన్నదాన్ని చూడటం వేరు. రెండోదానికి ఎప్పుడూ చోటివ్వండి.

అదే ఏకాదశినాడు వెళ్లాలని కొందరికి ఉంటుంది. భక్తితో అయితే వెళ్లండి. చదువుకోవడానికైతే మామూలు రోజే మేలు, నిమ్మళంగా కూర్చోనిస్తారు.

రెండో విడత శ్రీవిల్లిపుత్తూరు. మధుర దాకా రైలులో వెళ్తే అక్కడి నుంచి సుమారు 75 కిలోమీటర్లు. వటపత్రశాయి ఆలయానికున్న పదకొండు అంతస్తుల గోపురం దూరం నుంచే కనబడుతుంది. విష్ణుచిత్తుడికి గోదాదేవి పసిపాపగా దొరికిందని చెప్పే తోట కూడా గుడి పక్కనే ఉంది. అక్కడ చదవడానికి నేను రెండు పద్యాలు పెట్టుకుంటాను. ఒకటి బాతుల పద్యం. పొలం కాలువల్లో బాతులు రెక్కల కింద తల దూర్చి నిద్రపోతుంటాయి. తలారులు, అంటే ఊరి కాపలావాళ్లు, వాటిని చూసి, వేకువన స్నానం చేసి వెళ్లిన బ్రాహ్మణులు పిండి మరిచిపోయిన బట్టలనుకుంటారు. ఇళ్లకు చేరుద్దామని రేవులోకి దిగుతారు. బట్టలు కాస్తా లేచి పరుగెడతాయి. వరి చేను కాసే ఆడవాళ్లు పకపక నవ్వుతారు. చక్రవర్తి రాసిన పద్యంలో రాజోద్యోగులే నవ్వుల పాలయ్యారు, గమనించండి. రెండోది విష్ణుచిత్తుడి ఇంటి అతిథి మర్యాద: నడిరేయి చెవి ఒగ్గినా ఆ ఇంట్లో హరికథలతో పాటు, ‘కూరలు ఎక్కువ లేవు, వేడిగా లేవు, పిండివంటలు లేవు, దయచేసి భుజించండి’ అన్న మాటలే వినిపిస్తాయట. భోజనానికి ముందు చదివితే బాగుంటుంది. ఆ ఊరి పాలకోవాకు కూడా పేరుంది కనుక పిండివంటల లోటు మీకుండదు.

ఇక్కడొక జాగ్రత్త. పద్యంలోని దృశ్యమే కళ్లకు కట్టాలని పట్టుబట్టకండి. కాలువలో బాతులు కనబడకపోతే యాత్ర దండగ కాదు. నిజానికి ఆ పద్యం నాకు కృష్ణా డెల్టా పొలాల మధ్యే ఎక్కువగా గుర్తుకొస్తుంది. కానీ ఆ కాలువలు 1855లో పూర్తయిన ఆనకట్ట తరువాతివి, రాయలు చూసినవి కావు. మనసు కలిపేసుకున్నదాన్ని కలిపేసుకోనివ్వండి, నోటుపుస్తకంలో మాత్రం విడివిడిగా రాయండి.

తిరుమలకు వేరే విడత అక్కర్లేదు, దర్శనానికి ఎలాగూ వెళ్తారు. మహాద్వారం దాటగానే కుడివైపు చూడాలని ముందే గుర్తుపెట్టుకోండి. తిరుమలదేవి, చిన్నాదేవులతో రాయలు చేతులు జోడించి నిలబడిన లోహ విగ్రహాలు అక్కడే ఉన్నాయి. క్యూ ఆగదు, వెనకవాళ్లు తోస్తారు, ఎటు చూడాలో తెలియనివాడు చూడకుండానే దాటిపోతాడు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవకు శ్రీవిల్లిపుత్తూరు నుంచి ఆండాళ్ (తమిళంలో గోదాదేవి పేరు) మాల వస్తుంది. గోదాదేవి ముడిచి విడిచిన మాల దేవుడికి చేరడమనే కథ ఏటా జరుగుతూనే ఉంది.

హంపి చివరికి పెట్టండి, ఎండలు లేని నవంబరు, జనవరి మధ్య. అష్టదిగ్గజాల భువనవిజయం ఇదీ అని ఖాయంగా చూపించగల కట్టడం అక్కడ లేదు, ఎవరైనా చూపిస్తే తలూపి ముందుకు నడవండి. రాతిరథం దగ్గర ఫోటో దిగండి, కాదనను. మీ పుస్తకానికి దగ్గరి చుట్టం మాత్రం కృష్ణాలయం. కళింగాన్ని ఏలిన గజపతుల ఉదయగిరిని గెలిచి, అక్కడి నుంచి తెచ్చిన బాలకృష్ణుడి కోసం రాయలు కట్టించిన గుడి అది. గజపతుల మీది పోరే రాయలను శ్రీకాకుళం దారి పట్టించింది. అంటే ఆ గుడి, ఈ కావ్యం ఒకే యుద్ధంలో పుట్టాయి. గర్భగుడి ఇప్పుడు ఖాళీ. విగ్రహం చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. శ్రీవిల్లిపుత్తూరుకు చెన్నై మీదుగా వెళ్లేవారు ఎగ్మూరులో ఒక పూట ఆగితే ముందే చూడవచ్చు.

అభ్యాసం: మీ పట్టీలోని ప్రతి ఊరికీ వరస రాయండి. ఏ వరసా కుదరని ఊళ్లను కొట్టేయండి, మొహమాటపడకండి. మిగిలినవాటిలో ఒక్క పగటిలో వెళ్లి రాగలిగేది ఒకటి ఎంచుకుని, పైన చూపిన తీరులో దానికొక పుట నింపండి. ‘చదవవలసింది’ అన్నచోట ఒక్క ఘట్టమే ఉండాలి. అది ఖాళీగా మిగిలితే ఊరు మార్చండి. ఆముక్తమాల్యదకు వేదం వేంకటరాయశాస్త్రి గారు రాసిన వ్యాఖ్య వంటిది దగ్గరుంటే ఆ ఘట్టానికి అర్థం బయలుదేరే ముందే రాసుకోండి, గుడి అరుగు మీద నిఘంటువు తిరగేయడం కష్టం.

నాలుగో పాఠంలో కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరం, గురజాడ విజయనగరం తీసుకుని, రచయిత నివసించిన ఇంటిని ఎలా చూడాలో నేర్చుకుందాం.