డ్యూటీ చేసుకుంటానే కొత్త పని నేర్చుకునేది ఎట్లా?

కడప వైవీ స్ట్రీట్‌లో బట్టల షాపులోనో ఆడిటర్ ఆఫీసులోనో పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరేవాళ్ళకి గంటలు గంటలు చదివే టైం యాడుంటాది చెప్పండి, అందుకే ఆదివారం ఒక్కరోజే కూర్చుని ఎక్సెల్ అంతా అవగొట్టేస్తా అనే ప్లాన్ ముందు మానేయండి, అది అయ్యేది కాదు.

రోజూ ఇరవై నిమిషాలు, ఒకే ఒక్క ఐటెం. ఈరోజు వీలుకప్ (VLOOKUP, అంటే ఐటెం కోడ్ ఇస్తే లిస్టులోంచి దాని రేటు వెతికి తెచ్చే ఎక్సెల్ ఫార్ములా) అనుకోండి, మీ షాపు స్టాక్ లిస్టు మీదే చేయండి, వీడియోలో ఆయప్ప చేస్తాంటే అంతా వచ్చినట్టే ఉంటాది, ఆపి మనం చేయబోతే చేతులాడవు. ఎర్రర్ వస్తే గాబరా వద్దు, చానాసార్లు కోడ్ వెనక ఒక స్పేస్ మిగిలిపోయుంటాది, లేదంటే అదే కోడ్ ఒకపక్క నంబరుగా ఇంకోపక్క టెక్స్ట్‌గా ఉంటాది. ఫార్ములా చివర్లో సున్నా (అచ్చం అదే కోడ్ కావాలని చెప్పేది) మర్చిపోతే మాత్రం ఎర్రర్ లేకుండానే తప్పు రేటు చూపించొచ్చు, అదింకా డేంజర్.

అసలు పని తర్వాతుంది. మర్నాడు, మళ్ళా మూడ్రోజులకి, ఆపైన వారానికి, నోట్సు చూడకుండా మొదట్నుంచీ చేయండి. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థంలేని అక్షరాలు తనే బట్టీకొట్టి, నేర్చుకున్న కొత్తలోనే ఎక్కువ మర్చిపోతామని 1885లోనే లెక్కగట్టి రాసినాడు.

ఆగిపోతే సీనియర్‌ని అడగండి. "అన్నా నేర్పించు" అంటే బిజీ అంటాడు, "అన్నా, ఇంతవరకు చేసినా, ఇక్కడ ఇరుక్కున్యా, ఒకసారి సూడు" అంటే వంగి చూస్తాడు. మార్చి నెలాఖర్లో మాత్రం అడగొద్దు, ఇయర్ ఎండింగ్ లెక్కల్లో ఉంటారు, తిట్లు పడతాయి.