వెంట్రుక మందాన్ని లేజర్‌తో కొలుద్దాం: వ్యతికరణం, వివర్తనం అర్థం చేసుకోవడం ఎలా?

ఇంటర్ ఫిజిక్స్‌లో తరంగ దృశాశాస్త్రం దగ్గరికి వచ్చేసరికి చాలామంది పిల్లలు సూత్రాలు బట్టీ పట్టేస్తారు. పరీక్ష గట్టెక్కడానికి అది చాలవచ్చు. కానీ చీకటి గదిలో గోడ మీద వెలుగు, చీకటి పట్టీలను ఒక్కసారి కళ్లారా చూస్తే ఈ పాఠం మళ్లీ మరవరు. ఎర్ర లేజర్ పాయింటర్, ఒక తలవెంట్రుక, పాత సీడీ, అట్టముక్క, స్కేలు, కొలిచే టేపు దగ్గర పెట్టుకోండి.

లేజర్‌ను ఎవరి కళ్లలోకీ కొట్టకూడదు. సీడీకి తగిలి తిరిగొచ్చే కిరణం కూడా ప్రమాదమే. పిల్లలు చేస్తుంటే లేజర్ పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలి.

1. ముందు ఒక్క ప్రశ్న పట్టుకోండి

వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, రెండు వేళ్లతో ఒకే లయలో తడుతూ ఉండండి. రెండు చోట్ల నుంచీ అలలు బయల్దేరి కలుసుకుంటాయి. అల ఎత్తైన చోటు శృంగం, పల్లపు చోటు ద్రోణి. శృంగం మీద శృంగం పడినచోట నీరు ఎక్కువగా లేస్తుంది. శృంగం, ద్రోణి కలిసినచోట దాదాపు కదలదు. ఇదే వ్యతికరణం.

వెలుగు విషయంలోనూ అడగాల్సింది ఒకటే: ఇక్కడికి రావడానికి రెండు అలలు నడిచిన దారుల్లో తేడా ఎంత? తేడా ఏమీ లేకపోయినా, ఒకటో రెండో పూర్తి తరంగదైర్ఘ్యాలున్నా (ఒక శృంగం నుంచి తర్వాతి శృంగం దాకా ఉన్న దూరమే తరంగదైర్ఘ్యం) అక్కడ వెలుగు. అర, ఒకటిన్నర, రెండున్నర అయితే చీకటి.

మరి గదిలో రెండు బల్బులు వేస్తే గోడ మీద పట్టీలు ఎందుకు కనిపించవు? రెండు బల్బుల అలలకూ పొంతన ఉండదు. పట్టీలు ఏర్పడిన మరుక్షణమే చెదిరిపోతుంటాయి, మన కంటికి అంతా సమానమైన వెలుగే. అందుకే ఒకే వెలుగును రెండుగా చీల్చి మళ్లీ కలపాలి. పుస్తకంలో 'సంబద్ధ జనకాలు' అనేది ఈ పొంతన గురించే.

2. వెంట్రుకను లేజర్ మూతికి అంటించండి

వెంట్రుకను లేజర్ మూతి మధ్యగా, నిలువుగా బిగించి టేపు వేయండి. లైట్లు ఆర్పి, సరిగ్గా 2 మీటర్ల దూరంలో ఉన్న గోడ మీదికి కొట్టండి. గోడ మీద వెంట్రుక నీడ కనిపిస్తుందనుకుంటాం. కనిపించేది వేరు. మధ్యలో ఒక పొడవాటి ప్రకాశవంతమైన చుక్క, దానికి కుడిఎడమల ఇంకా చిన్న చుక్కలు వరసగా, మధ్యమధ్యలో చీకటి. వెంట్రుక నిలువుగా ఉంటే చుక్కల వరస అడ్డంగా పరుచుకుంటుంది. లేజర్‌ను మెల్లగా తిప్పండి, వరస కూడా తిరుగుతుంది.

ఇప్పుడు కొలత. మధ్య చుక్కను వదిలేయండి, అది మిగతావాటికి రెట్టింపు వెడల్పు ఉంటుంది. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ఒకే పక్కనున్న ఆరు చీకటి చోట్లను పెన్సిల్‌తో గుర్తు పెట్టి, మొదటి దాని నుంచి ఆరో దాని వరకు కొలవండి. 90 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. మధ్యలో ఖాళీలు అయిదు, అంటే ఒక్కోటి 18 మిల్లీమీటర్లు.

వెంట్రుక మందం = తరంగదైర్ఘ్యం × గోడ దూరం ÷ చీకటి చోట్ల మధ్య దూరం

ఎర్ర లేజర్ తరంగదైర్ఘ్యం సాధారణంగా 650 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, లేబుల్ మీద చూసుకోండి. లెక్క వేస్తే మందం సుమారు 0.072 మిల్లీమీటర్లు. స్కేలుకు అందని కొలత గోడ మీద బెత్తెడు దూరమై కనిపించింది! ఇంట్లో అందరి వెంట్రుకలూ కొలిచి చూడండి. సన్నటి వెంట్రుకకే చుక్కలు ఎక్కువ దూరం జరుగుతాయి.

3. అందరూ తికమకపడే చోటు

వెలుగును పక్కపక్కనే ఉన్న రెండు సన్నటి సందుల్లోంచి పంపే రెండు చీలికల ప్రయోగంలో దారుల తేడా ఒక తరంగదైర్ఘ్యం అయితే వెలుగు. ఒంటి చీలికలో రెండు అంచుల నుంచి వచ్చే దారుల తేడా ఒక తరంగదైర్ఘ్యం అయితే చీకటి. ఇదెలా అని టెన్షన్ పడక్కర్లేదు. చీలికను మనసులో సగానికి కోయండి. పై సగంలోని ప్రతి బిందువుకూ కింది సగంలో ఒక జోడీ దొరుకుతుంది. వాటి దారుల తేడా సరిగ్గా అర తరంగదైర్ఘ్యం. జోడీలన్నీ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, చీకటి మిగులుతుంది.

అంటే వివర్తనం కొత్త సంగతేమీ కాదు. వేరువేరుగా ఉన్న రెండు మూడు చోట్ల నుంచి వచ్చే అలలు కలిస్తే వ్యతికరణం అంటున్నాం. ఒకే చీలిక వెడల్పంతటా లెక్కలేనన్ని బిందువుల నుంచి వచ్చే అలలు కలిస్తే వివర్తనం అంటున్నాం. అడగాల్సిన ప్రశ్న మాత్రం అదే.

వెంట్రుక అడ్డం కదా, చీలిక కాదు కదా అంటారా? అడ్డేమీ లేకపోతే లేజర్ వెలుగు నేరుగా పోతుంది, పక్కన ఏమీ పడదు. వెంట్రుక మూసిన భాగం నుంచి రావాల్సిన వెలుగు, అది మూయని భాగం నుంచి వచ్చే వెలుగు, రెండూ కలిస్తేనే పక్కన సున్నా అవుతోంది. కాబట్టి పక్కలకు ఆ రెండూ సమానంగా, ఎదురెదురుగా ఉండాలి. అందుకే వెంట్రుకా, అంతే వెడల్పున్న చీలికా పక్కలకు ఒకే బొమ్మ వేస్తాయి.

1803లో ఇంగ్లిష్ శాస్త్రవేత్త థామస్ యంగ్ లండన్ రాయల్ సొసైటీకి చూపించింది కూడా ఇలాంటి అడ్డమే. కిటికీ తలుపులోని చిన్న రంధ్రం నుంచి వచ్చే ఎండలో, అంగుళంలో ముప్పయ్యో వంతు వెడల్పున్న అట్టముక్క నిలబెట్టాడు. దాని నీడ లోపల పట్టీలు కనిపించాయి. అట్టకు ఒక పక్క నుంచి వచ్చే వెలుగును ఆపగానే అవి మాయమయ్యాయి. ఒక పక్క వెలుగు తగ్గిస్తే చీకటి పట్టీలు పోవడం! నా దృష్టిలో, రెండు వెలుగులు కలిసి చీకటి చేస్తాయనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

4. సీడీతో పోల్చి చూడండి

అట్టకు చిన్న కన్నం పెట్టి సీడీకి 30 సెంటీమీటర్ల దూరంలో నిలబెట్టండి. కన్నంలోంచి లేజర్‌ను సీడీ మెరిసే వైపు నిటారుగా కొట్టండి. కన్నానికి రెండు పక్కలా సుమారు 13 సెంటీమీటర్ల దూరంలో ఎర్ర చుక్కలు పడతాయి. సీడీలో కంటికి కనిపించని సన్నటి గీతలుంటాయి, వాటి మధ్య ఎడం 1.6 మైక్రోమీటర్లు. డీవీడీలో అది 0.74 మాత్రమే, కాబట్టి చుక్కలు చాలా దూరం జరుగుతాయి, అట్టను బాగా దగ్గరికి తేవాలి. తెల్లని వెలుగులో సీడీ మీద మెరిసే రంగులు కూడా ఇవే చుక్కలు, ఒక్కో తరంగదైర్ఘ్యానికి ఒక్కో కోణంలో.

5. రాత్రికి డాబా ఎక్కండి

ఈసారి లేజర్ వద్దు. పల్చటి, దగ్గర నేత ఉన్న చున్నీ గానీ సిల్కు రుమాలు గానీ బిగించి పట్టుకుని, దూరంగా ఉన్న వీధి దీపాన్ని చూడండి. ఒక్క దీపం చుట్టూ కూడిక గుర్తు ఆకారంలో ఎన్నో చుక్కలు, అంచుల్లో రంగులు. దారాల మధ్య సందులే ఇక్కడ చీలికలు. 1785లో ఫిలడెల్ఫియాలో ఫ్రాన్సిస్ హాప్కిన్సన్ ఇలాగే సిల్కు రుమాలులోంచి వీధి దీపాన్ని చూసి, గుడ్డను పక్కకు జరిపినా ఆ గీతలు జరగడం లేదేమిటని ఖగోళ శాస్త్రవేత్త డేవిడ్ రిట్టెన్‌హౌస్‌ను అడిగాడు. రిట్టెన్‌హౌస్ సన్నటి మర (స్క్రూ) చుట్లలో వెంట్రుకలను పక్కపక్కనే పరిచి ఒక జాలీ చేసి, దానిలోంచి వెలుగును పంపి చూశాడు.

మీరూ గుడ్డను పక్కకు జరిపి చూడండి, చుక్కలు కదలవు. గుండ్రంగా తిప్పండి, కూడిక గుర్తు మొత్తం దానితోపాటే తిరుగుతుంది.